కారు ఊరికీ ఊరికీ మధ్య, గ్రనాడా లోపల మాత్రం వద్దు

ప్రశ్న: నమస్తే అండీ. మేం హైదరాబాద్‌లో కూకట్‌పల్లిలో ఉంటాం. దసరా సెలవులకి స్పెయిన్ పది రోజులు ప్లాన్ చేశాం, నేను, మా వారు, ఇద్దరు పిల్లలు (పాపకి 7, బాబుకి 11), మా అత్తయ్యగారు. మాడ్రిడ్‌లో దిగగానే ఎయిర్‌పోర్ట్‌లోనే కారు రెంట్‌కి తీసుకుని కార్డోబా, గ్రనాడా చూసుకుని మళ్ళీ మాడ్రిడ్‌లో ఇచ్చేద్దాం అని నా ఐడియా. గ్రనాడాలో అల్బైసిన్ అనే పాత పేటలో ఒక ఇల్లు బుక్ చేశాం. డ్రైవింగ్ నేనే, పన్నెండేళ్ళ నుంచి చేస్తున్నా, ఇక్కడ నాది ఆటోమేటిక్. మా వారికి డ్రైవింగ్ రాదు, క్రెడిట్ కార్డ్ మాత్రం ఆయన పేరు మీదే ఉంది. చిన్న కారు ఒకటి చాలా చవగ్గా కనబడుతోంది. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, అందుకే కారుంటే ఆవిడకి సుఖం అని నేనంటాను, మా వారు ట్రైన్ అంటారు. ఏం చేయమంటారు?

సమాధానం: కారు తీసుకోండి. కాకపోతే మాడ్రిడ్‌లో వద్దు, పది రోజులకీ వద్దు, నాలుగు రోజులు చాలు. ఆ అల్బైసిన్ ఇల్లు ఫ్రీ క్యాన్సిలేషన్ ఉంటే ఇవాళే క్యాన్సిల్ చేసేయండి. ముందు దీని సంగతే చెప్తాను ఎందుకంటే మీ ప్లాన్‌లో అత్తయ్యగారిని ఇబ్బంది పెట్టేది అదే.

అల్బైసిన్ అంటే గ్రనాడాలో అల్హంబ్రా కోటకి ఎదురుగా ఉండే కొండ. ముస్లిం రాజులు ఏలిన కాలం నాటి వీధుల అల్లిక ఇప్పటికీ అలాగే ఉంది, 1994లో యునెస్కో వాళ్ళు అల్హంబ్రాతో పాటు దీన్నీ వారసత్వ జాబితాలో కలిపారు. చాలా అందమైన పేట, అందులో అబద్ధం లేదు, కానీ ఫొటోలో కనబడేది తెల్లటి గోడలూ పూలకుండీలే, వాటి కింద గులకరాళ్ళు పొదిగిన నేల ఉంటుంది, మెట్లుంటాయి, చార్మినార్ వెనక గల్లీలు మీకు తెలుసుగా, వాటిని తీసుకెళ్ళి ఏటవాలుగా కొండ మీద పరిచినట్టుంటుంది. చాలా ఇళ్ళ దాకా కారు పోనే పోదు, ఎక్కడో ఆపి పెట్టెలు మోసుకుంటూ ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి రోజుకి రెండుసార్లు ఆ రాళ్ళ మీద ఎక్కి దిగడం ఎలా చెప్పండి. ఆ పేటని సాయంత్రం ఒకసారి చూసి రండి, సిటీ వాళ్ళ చిన్న బస్సులు సీ31, సీ34 దాని కోసమే ఉన్నాయి, సాన్ నికోలాస్ అనే చోట నుంచి సూర్యాస్తమయం వేళ ఎదురుగా అల్హంబ్రా ఎర్రగా వెలుగుతుంటే పిల్లలు కూడా కాసేపు నోరు మూసుకుని చూస్తారు. బస మాత్రం కింద, సొంత గ్యారేజీ ఉన్న హోటల్లో, లిఫ్ట్ ఉన్న హోటల్లో పెట్టుకోండి.

ఇక కారు విషయం. గ్రనాడా పాత ఊళ్ళో చాలా వీధుల్లోకి బయటి కార్లని రానివ్వరు. గ్రాన్ వియా అనే పెద్ద రోడ్డు ఊరికి నడిబొడ్డు, అది కూడా బస్సులకీ ట్యాక్సీలకీ పర్మిషన్ ఉన్నవాళ్ళకే. మన దగ్గరలా పోలీసాయన చెయ్యెత్తి ఆపడం ఏమీ ఉండదు, స్తంభం మీద కెమెరా నంబర్ ప్లేట్ ఫొటో తీసుకుంటుంది, మీకు ఆ క్షణాన ఏమీ తెలీదు, ఇంటికొచ్చాక రెండు మూడు నెలలకి మీ కార్డ్ మీద రెంటల్ కంపెనీ చార్జీ పడుతుంది. అది ఫైన్ కాదండోయ్, మీ పేరూ అడ్రసూ పోలీసులకి ఇచ్చినందుకు కంపెనీ తీసుకునే ఫీజు, అసలు ఫైన్ తర్వాత విడిగా వస్తుంది. హోటల్ ఆ జోన్ లోపల ఉంటే రిసెప్షన్ వాళ్ళు మీ నంబర్ ప్లేట్‌ని సిస్టమ్‌లో ఎక్కిస్తారు, అప్పుడు ఫైన్ రాదు, కానీ మీరు అడగాలి, వాళ్ళు ఎక్కించారని మెయిల్‌లో రాయించుకోవాలి. ఫోన్‌లో మ్యాప్స్‌కి ఈ జోన్ల సంగతి ఎప్పుడూ సరిగ్గా తెలుస్తుందని నమ్మకండి, అది దగ్గర దారి అని హాయిగా లోపలికి తీసుకుపోతుంది.

మాడ్రిడ్‌లో కారు ఎందుకొద్దంటే, హైదరాబాద్ నుంచి ఒక రాత్రంతా ప్రయాణం, మధ్యలో ఫ్లైట్ మారడం, నిద్ర ఉండదు, అలాంటి ఒంటితో జీవితంలో మొదటిసారి రోడ్డుకి కుడివైపు బండి నడుపుతూ 400 కిలోమీటర్లు పోవడం అనేది నేను ఒప్పుకోను. నేను చెప్పిందే కరెక్ట్ అని మీ ఆయన మురిసిపోతే మురిసిపోనివ్వండి, ఈ ముక్కకి మాత్రం ట్రైనే. మాడ్రిడ్ నుంచి కార్డోబా స్పీడ్ ట్రైన్‌లో గంటా ముప్పావు, వాళ్ళు ఆవే అంటారు, 1992లో సెవియా దాకా మొదలైన లైన్ అది. టొలేడో చూడాలనుకుంటే అది కూడా మాడ్రిడ్ నుంచి ట్రైన్‌లో అరగంట పైచిలుకు, పొద్దున పోయి సాయంత్రం రావచ్చు. కార్డోబాలో ఆ పెద్ద మసీదు, మెస్కీతా, 8వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టి రెండు వందల ఏళ్ళ పాటు పెంచుకుంటూ పోయిన కట్టడం, లోపల 850కి పైగా స్తంభాలు, నడిమధ్యలో తర్వాత రోజుల్లో కట్టిన చర్చి. దానికి కారు అక్కర్లేదు, పాత ఊరు చదునుగా ఉంటుంది, అత్తయ్యగారు మెల్లిగా నడిచేయొచ్చు.

కారు కార్డోబా రైల్వే స్టేషన్ దగ్గర తీసుకోండి. ఇక్కడొక జాగ్రత్త. ఎయిర్‌పోర్ట్ ఆఫీసుల్లా ఊళ్ళో ఆఫీసులు రోజంతా తెరిచి ఉండవు, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చాలావి మూసేస్తారు, ఆదివారం అయితే ఇక చెప్పక్కర్లేదు, పైగా అక్టోబర్ 12 వాళ్ళ జాతీయ సెలవు, దసరా సెలవులు ఆ చుట్టుపక్కలే వస్తుంటాయి కాబట్టి పికప్ టైం పొద్దున పదింటికి పెట్టుకుని ఆ రోజు ఆఫీసు ఉందో లేదో చూసుకోండి. కారు తిరిగి ఇచ్చేది మలగాలో పెట్టుకోండి, ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో ఇస్తే కొన్ని కంపెనీలు అదనంగా తీసుకుంటాయి, ఆ డబ్బు కలుపుకునే రేట్లు పోల్చండి. మలగా నుంచి మాడ్రిడ్‌కి మళ్ళీ స్పీడ్ ట్రైన్ ఉంది, మూడు గంటల లోపే.

మీరు చూసిన ఆ చవక చిన్న కారు మీకు పనికిరాదు. ఐదుగురు మనుషులు, పది రోజుల ట్రిప్పు అంటే కనీసం మూడు పెద్ద పెట్టెలు, పచ్చళ్ళ సంచి ఉండనే ఉంటుంది, చిన్న కారు డిక్కీలో రెండు పెట్టెలు పట్టడమే గొప్ప. సెవెన్ సీటర్ అన్నా లాభం లేదు, ఏడు సీట్లూ ఎత్తి ఉంచితే వెనక సామానుకి చోటుండదు, ఐదుగురు కాబట్టి మీరు ఆ మూడో వరస మడిచేసుకోవచ్చు, అలా అయితే ఓకే. లేదంటే వెనక డిక్కీ పొడుగ్గా ఉండే ఎస్టేట్ కారు, వాళ్ళు ఫమిలియార్ అంటారు, మీ ఇంటికి అదే సరిపోతుంది. ఆటోమేటిక్ కావాలని గట్టిగా టిక్ పెట్టండి. స్పెయిన్‌లో మాన్యువల్స్ ఎక్కువ, ఆటోమేటిక్స్ తక్కువ ఉంటాయి, రేటు కూడా ఎక్కువ, అయినా ఇక్కడ పొదుపు చేయకండి. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేత్తో వేయాలి, ఇండికేటర్ ఎడమవైపు పుల్ల మీద ఉంటుంది, ఇక్కడ మన కార్లలో చాలావాటికి కుడివైపు, మొదటి రోజంతా మీరు ఇండికేటర్ వేద్దామనుకుంటే వైపర్లు తిరుగుతాయి. వీటితో పాటు క్లచ్చు కూడా ఎందుకు.

డ్రైవింగ్‌లో మనవాళ్ళకి అక్కడ నిజంగా తేడా కొట్టేవి చెప్తాను, నేను మాడ్రిడ్‌లో ఉన్న నాలుగేళ్ళలో చుట్టాలు వచ్చినప్పుడల్లా చూసినవే. ఒకటి, మనకి ఫ్రీ లెఫ్ట్ అలవాటు, అక్కడ అద్దంలో చూసినట్టు ఫ్రీ రైట్ ఉంటుందనుకుంటారు, లేదు, రెడ్ అంటే కుడికి కూడా రెడ్డే, ఆరెంజ్ బాణం మెరుస్తుంటే మాత్రం చూసుకుని వెళ్ళొచ్చు. జీబ్రా గీతల దగ్గర మనిషి కాలు పెట్టబోతున్నా ఆగాల్సిందే, వాళ్ళు మీరు ఆగుతారన్న నమ్మకంతో మీ వైపు చూడకుండానే దిగుతారు, మన ఊళ్ళోలా చెయ్యి చూపించి పరిగెత్తరు, ఇది ఫైన్ కోసం చెప్పట్లేదు, మనిషి ప్రాణం కోసం చెప్తున్నా. రౌండబౌట్లు అడుగడుక్కీ ఉంటాయి, లోపల తిరుగుతున్నవాళ్ళకే హక్కు, అంటే మీ ఎడమవైపు నుంచి వచ్చేవాళ్ళకి, బయటికి వెళ్ళాలంటే ముందే బయటి లేన్‌లోకి రావాలి, మిస్సయితే ఇంకో చుట్టు తిరగండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఎడమవైపు కూర్చుంటాం కాబట్టి తెలీకుండానే బండిని కుడికి జరుపుతూ ఉంటాం, కుడివైపు చక్రాలు ఫుట్‌పాత్ అంచుకి గీరుకుపోతాయి. మొదటి ట్రిప్పులో ఒక అండర్‌గ్రౌండ్ గ్యారేజీ మలుపులో నేను కుడివైపు వెనక తలుపు పొడుగూతా గీసేశాను, ఆ గ్యారేజీల్లో స్తంభాల మీద ఎన్ని కార్ల రంగులు అంటుకుని ఉంటాయో చూస్తే మీకే అర్థమవుతుంది. అలాంటి చోట మీ వారిని దిగి ముందు నడవమనండి.

స్పీడ్ సంగతి, పెద్ద హైవేల మీద 120, మామూలు రెండు వరసల రోడ్ల మీద 90, ఊళ్ళో ఒక్కో వైపు ఒకే లేన్ ఉన్న వీధుల్లో 30, ఇది 2021 నుంచి. పాత ట్రావెల్ రాతల్లో ఓవర్‌టేక్ చేసేటప్పుడు 20 ఎక్కువ పోవచ్చు అని ఉంటుంది, 2022లో తీసేశారు, నమ్మకండి. చేతిలో ఫోన్ పట్టుకుంటే 200 యూరోలు. హైవే పేరు ముందు ఇంగ్లీష్ A ఒక్కటే ఉంటే ఫ్రీ, AP అని ఉంటే టోల్ ఉండొచ్చు. పిల్లల సీట్ల విషయంలో అక్కడ అస్సలు రాజీ లేదు, 135 సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉంటే వెనక సీట్లో, పిల్లల సీటు మీదే కూర్చోవాలి. పాపకి తప్పదు, బాబుని గోడకి నిలబెట్టి కొలవండి. బుకింగ్‌లోనే సీటు అడగండి. ఐదుగురి కారులో ఐదుగురే, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడాలు ఉండవు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం, మీ ట్రిప్ అసలు ఆగిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది. కారు ఎవరు నడుపుతారో బుకింగ్ వాళ్ళ పేరు మీద ఉండాలి, క్రెడిట్ కార్డ్ కూడా వాళ్ళ పేరు మీదే ఉండాలి. మీరు నడుపుతారు, కార్డ్ మీ ఆయనది, అంటే కౌంటర్ దగ్గర కారు ఇవ్వం అంటారు, డబ్బు కట్టేసినా సరే, భార్యాభర్తలమండీ అంటే కుదరదు. అందుకని ఇప్పుడే మీ పేరు మీద ఒక క్రెడిట్ కార్డ్ తీసుకోండి, ఇంకా టైం ఉంది. డెబిట్ కార్డ్, ఫారెక్స్ కార్డ్ డిపాజిట్‌కి చాలాచోట్ల పనికిరావు. డిపాజిట్ అంటే వెయ్యి యూరోలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే కార్డ్ మీద బ్లాక్ చేస్తారు, అంటే మీ లిమిట్‌లో లక్ష దాటి తాత్కాలికంగా ఆగిపోతుంది, ఆ తర్వాత హోటల్‌కి అదే కార్డ్ గీకితే డిక్లైన్ అవుతుంది, లిమిట్ చూసుకోండి, ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్ ఆన్ చేసుకోండి.

ఇన్సూరెన్స్ రేటులోనే ఉంటుంది కదా అంటారు, ఉంటుంది, కానీ ఫ్రాంకీసియా అని కాంట్రాక్టులో ఒక అంకె ఉంటుంది, బండికి దెబ్బ తగిలితే ఆ అంకె దాకా మీరే కట్టాలి, పైన ఎంతైనా ఇన్సూరెన్స్ కడుతుంది. టైర్లు, అద్దాలు, బండి కింద భాగం, తాళం పోవడం లాంటివి మామూలు కవర్‌లో చాలాసార్లు ఉండవు. కౌంటర్లో మనిషి మిమ్మల్ని రోజుకి ఇంత అదనంగా కట్టండి, ఫ్రాంకీసియా జీరో చేస్తా అని గట్టిగా అడుగుతాడు, ఒకసారి నాకు కారు అద్దె కంటే ఆ కవర్ రేటే ఎక్కువ చెప్పారు, వెనక క్యూ ఉంది, పిల్లలు ఏడుస్తున్నారు, సరే అని సంతకం పెట్టేశాను, ఆ డబ్బు ఇప్పటికీ గుర్తొస్తుంది. మీరు ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వెళ్ళండి. మూడు దారులున్నాయి, కంపెనీ వెబ్‌సైట్‌లో బుక్ చేసేటప్పుడే జీరో కవర్‌తో సహా తీసుకోవడం, లేదా వేరే కంపెనీ దగ్గర విడిగా కవర్ కొనడం, లేదా ఏమీ లేకుండా రిస్క్ తీసుకోవడం. రెండోది చవక, కానీ దెబ్బ తగిలితే ముందు మీరు కట్టి తర్వాత క్లెయిం చేసుకోవాలి, డిపాజిట్ కూడా బ్లాక్ అవుతుంది. మొదటిసారి కుడివైపు నడుపుతున్నారు, పక్కన ఇంకో డ్రైవర్ లేడు, మీకు నేను మొదటిదే చెప్తాను, కాస్త ఎక్కువైనా మనసు రోడ్డు మీద ఉంటుంది.

పెట్రోల్ విషయంలో ఫుల్ ఇచ్చి ఫుల్ తీసుకునే పద్ధతి ఉన్నదే ఎంచుకోండి. గాసోలీనా అంటే పెట్రోల్, డీజిల్‌ని గాసోలెయో అని కూడా రాస్తారు, గాస్ అని చూసి కంగారులో పెట్రోల్ బండిలో డీజిల్ కొట్టించినవాళ్ళున్నారు, మూత లోపల స్టిక్కర్ చూసి పట్టండి. కారు తీసుకోగానే నాలుగు వైపులా, చక్రాల రిమ్ములు, అద్దం, లోపల పెట్రోల్ ముల్లు, కిలోమీటర్లు అన్నీ వీడియో తీయండి, ఇచ్చేటప్పుడూ అంతే.

రోడ్డు గురించి రాయకపోతే నాకు తోచదు, ఎందుకంటే మీరు కారు తీసుకోవాలని నేననడానికి కారణం అదే. కార్డోబా నుంచి గ్రనాడాకి ఎన్-432 అనే పాత రోడ్డు పట్టుకోండి, సుమారు 165 కిలోమీటర్లు. హైవే కాదు, రెండు వరసలే, లారీలుంటాయి, తొందరపడకండి. ఎస్పెహో కోట కొండ మీద కనబడుతుంది, తర్వాత కాస్త్రో దెల్ రియో, బాయెనా, అల్కలా లా రియాల్. ఒకప్పుడు ఇదంతా గ్రనాడా ముస్లిం రాజ్యానికీ కాస్టీల్ క్రైస్తవ రాజ్యానికీ సరిహద్దు, అందుకే ప్రతి ఊరికీ నెత్తి మీద ఒక కోట. అల్కలా కోటని కాస్టీల్ వాళ్ళు 1341లో పట్టుకున్నారు, గ్రనాడా లొంగింది 1492 జనవరి 2న, అంటే నూట యాభై ఏళ్ళు ఈ రోడ్డు వెంట రెండు రాజ్యాలు ఎదురెదురుగా కాపలా కాసుకున్నాయి. మధ్యలో అంతా ఆలివ్ తోటలే, గుంటూరు వైపు మిరప చేలు కంటికి ఆనినంత మేర ఉంటాయి చూడండి, అలా కొండల మీద కొండలు ఆలివ్ చెట్లు వరసగా. ట్రైన్‌లో ఇది కనబడదు. అల్కలాలో ఆగి అత్తయ్యగారికి కాఫీ ఇప్పించండి, ఆవిడ శాకాహారి అయితే ఏ వంటకానికైనా సిన్ హమోన్ అనండి, పంది మాంసం ముక్కలు లేకుండా అని, వాళ్ళు సూప్ మీద కూడా చల్లేస్తారు.

గ్రనాడా చేరాక హోటల్ గ్యారేజీలో పెట్టేయండి, రోజుకి 20 యూరోల చుట్టుపక్కల తీసుకుంటారు, ఊళ్ళో తిరగడానికి మళ్ళీ తీయకండి. అల్హంబ్రాకి కత్తోలిక రాణి ఇసబెల్ పేరుతో ఉన్న చౌరస్తా నుంచి సీ30 బస్సు, లేదా ట్యాక్సీ, కాకపోతే మామూలు ట్యాక్సీలో నలుగురినే ఎక్కిస్తారు, పెద్దది కావాలని హోటల్ వాళ్ళతో చెప్పించండి. మీరు కారులోనే వెళ్తామంటే ఊళ్ళోంచి కాకుండా బయటి రింగ్ రోడ్డు మీంచి అల్హంబ్రా పార్కింగ్ బోర్డులు పట్టుకుని వెళ్ళాలి. టికెట్ల మీద కోట లోపలి నస్రీద్ ప్యాలెస్‌కి ఒక టైం రాసి ఉంటుంది, అది దాటితే లోపలికి రానివ్వరు, మెయిన్ గేటు నుంచి అక్కడికి అత్తయ్యగారి నడకలో అరగంట వేసుకోండి, అందరి పాస్‌పోర్టులూ చేతిలో ఉండాలి, పిల్లలవి కూడా. ఈ టికెట్లు ముందే అయిపోతాయి. అవి దొరికిన తేదీని బట్టి హోటల్, కారు బుక్ చేయండి, తిరగేసి కాదు.

ఇంకో రోజు కారు తీసి ఆల్పుహారా వెళ్ళిరండి. సియెర్రా నెవాదా కొండల దక్షిణం వైపు పంపనేయిరా, బూబియోన్, కపిలేయిరా అని మూడు తెల్లటి ఊళ్ళు ఒక లోయ అంచున ఒకదాని పైన ఒకటి. ఏ-44 మీద దక్షిణంగా వెళ్తుంటే సుస్పీరో దెల్ మోరో అని కనుమ వస్తుంది, మూర్ నిట్టూర్పు అని అర్థం, మూర్ అంటే అప్పటి అక్కడి ముస్లిం, రాజ్యం పోగొట్టుకున్న చివరి రాజు బొఅబ్దిల్ అక్కడ ఆగి గ్రనాడాని ఆఖరిసారి వెనక్కి తిరిగి చూశాడని జనం చెప్పుకుంటారు, ఆయనకి బతకడానికి ఇచ్చిన జాగీరు కూడా ఈ ఆల్పుహారాలోనే. లంహరోన్ దాటాక రోడ్డు మెలికలు మెలికలు, పాపకి వాంతులయ్యే అలవాటుంటే మాత్ర ముందే వేయండి. పంపనేయిరాలో ఊరి మొదట్లోనే కారు ఆపి నడవండి. అక్కడా హైవే ఆగే చోట్లలోనూ కారు లోపల సంచి కనబడేలా వదలకండి, దారిలో ఎవరైనా మీ టైరు పంక్చరైందని చూపిస్తే వెంటనే దిగకండి, పెట్రోల్ బంకు దాకా మెల్లిగా పోనిచ్చి అక్కడ చూసుకోండి, మీరు టైరు చూస్తుంటే ఇంకొకడు లోపలి బ్యాగు తీసే మోసం అది.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మర్చిపోయేలా ఉన్నాను. ఆర్టీఏకి ముందే అప్లై చేయండి, ఏడాది చెల్లుతుంది, దాంతో పాటు మీ అసలు లైసెన్స్ కార్డ్ కూడా తీసుకెళ్ళాలి, ఒక్కటే చూపిస్తే కుదరదు. అప్లై చేసే ముందు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి, పాస్‌పోర్ట్, లైసెన్స్, కొత్త క్రెడిట్ కార్డ్. మన ఆడవాళ్ళకి లైసెన్స్ మీద పుట్టింటి ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్ మీద అత్తింటి పేరు పూర్తిగా ఉంటుంది, కౌంటర్లో ఆ స్పెయిన్ అమ్మాయికి ఆ రెండు పేర్లూ ఒక మనిషివేనని ఎలా తెలుస్తుంది. తేడా ఉంటే లైసెన్స్‌లో పేరు ఇప్పుడే మార్పించుకోండి, దానికి కొన్ని వారాలు పట్టొచ్చు, కారు బుకింగ్ మాత్రం పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుతోనే చేయండి.